పాత నంబరా, కొత్త నంబరా?



ఈసారి పోస్టు కొంచెం పొడవు. పైగా అందులో కంప్యూటరు గొడవ ఉంది. అయినా చివరిదాకా చదవమని మనవి. జులై చివరి వారంలో మన వాట్సాప్ గ్రూపులో మేము ఒక మాట అన్నాం. ఆ మాట తప్పు. మర్నాడే అదే గ్రూపులో "క్షమించాలి, పొరపాటు జరిగింది" అని రెండు ముక్కలు రాశాం. కానీ ఏం పొరపాటు, ఎవరి పొరపాటు అన్నది ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ కొందరు ఫోన్ చేసి "ఆ అమ్మాయి చేసిన తప్పు సరిదిద్దారా?" అని అడుగుతున్నారు. అంటే మేము అన్న మాట నిలిచిపోయింది, వెనక్కి తీసుకున్న మాట నిలవలేదు. అందుకే ఈ పోస్టు.

మేము అంటే, విద్యార్థి సాయం దరఖాస్తుల వెబ్‌సైటు చూసుకునే ముగ్గురం. ఇద్దరం ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లం, ఒకరం ఇంకా సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే ఉన్నాం. మాకు తోడుగా ఏడాదిగా పనిచేస్తున్నది పెరంబూరు వైపు నుంచి వచ్చే ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని. పేరు రాయొద్దని తనే అడిగింది కాబట్టి రాయడం లేదు. నిరుడు మన సంఘం సాయం అందుకున్న పిల్ల. అందుకున్నది ఊరికే ఉంచుకోకూడదని మా దగ్గరికి వచ్చి, "ఏదైనా పని ఉంటే చెప్పండి అంకుల్" అంది.

మేము తనకు ఇచ్చిన పని చిన్నదేమీ కాదు. దరఖాస్తులో తండ్రి పేరు ఉంటుంది. మన సభ్యుల పుస్తకంలోనూ ఆ పేరు ఉంటుంది. రెండూ ఒకటేనా అని చూడాలి. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఇంటికో స్పెల్లింగు, రేషను కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి. ఆ తేడాలన్నీ చూసీ చూడనట్టు పోయి, మనిషి ఒక్కడేనని పట్టుకునే ఫంక్షన్ ఒకటి ఆ అమ్మాయి రాసింది. అంతకుముందు ఈ పని మేము కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాలు పక్కపక్కన పెట్టుకుని రెండు ఆదివారాలు చేసేవాళ్లం.

ఇక జులై సంగతి. దరఖాస్తులకు ఆఖరు తేదీ 31. ఇంకా వారం ఉందనగా కొరుక్కుపేట నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. కొడుకు దరఖాస్తు నింపుతుంటే చివర బటన్ నొక్కగానే "ఏదో లోపం జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తోందట. నాలుగుసార్లు ప్రయత్నించారట. మర్నాడు వ్యాసర్పాడి నుంచి ఇంకొకరు. ఆ సాయంత్రానికి ఐదుగురయ్యారు. అందరిదీ ఒకటే మాట. మా ఇళ్లల్లో మేము నింపి చూస్తే మాత్రం చక్కగా వెళ్తోంది. అడిగినవాళ్లకు "నెట్ సరిగ్గా లేదేమో చూడండి" అని చెప్పాం. ఇది మేము చేసిన మొదటి తప్పు. ఐదుగురికీ ఒకే రోజున నెట్ చెడిపోదు కదా.

ఆ రాత్రి సర్వర్ లాగ్ తెరిచాం. లాగ్ అంటే సర్వర్ రాసుకునే దినచర్య అనుకోండి. ప్రోగ్రాము ఎక్కడైనా కుప్పకూలితే అందులో ఒక చిట్టా పడుతుంది. ఫలానా ఫైలులో ఫలానా లైను దగ్గర పడిపోయాను, నన్ను అక్కడికి పంపింది ఫలానా లైను, దాన్ని పంపింది మరో లైను, అని కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా చెప్పుకొస్తుంది. దీన్ని స్టాక్ ట్రేస్ అంటారు. మేము వాడే నోడ్.జేఎస్‌లో, ఏమీ మార్చకపోతే, ఇలాంటి పది మెట్ల దాకా చూపిస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇదే పంచనామా, ఇదే సాక్ష్యం. దీన్ని నమ్మకపోతే ఇక నమ్మడానికి ఏమీ లేదు.

ఆ చిట్టా మొదటి మెట్టులో దరఖాస్తు ఫైలు, 131వ లైను అని ఉంది. లోపం ఏమిటంటే, లేని మాటకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను కత్తిరించమని అడిగారట. ఆ పనిని ట్రిమ్ అంటారు. దరఖాస్తు ఫైలు తెరిచాం. 131వ లైనుకు వెళ్లాం. అది సరిగ్గా ఆ అమ్మాయి రాసిన ఫంక్షన్ నడుమ ఉంది. అందులోనూ ఒక ట్రిమ్ ఉంది! ఇంకేం కావాలి? రాత్రి పదకొండున్నరకు గ్రూపులో రాసేశాం: "పేర్లు పోల్చే భాగంలో తప్పు దొరికింది. కొత్తవాళ్లు రాసిన కోడ్ సరిచూడకుండా పెట్టినందుకు ఇబ్బంది కలిగింది. రేపటికల్లా ఆ భాగం తీసేస్తాం."

పేరు రాయలేదు. కానీ ఆ భాగం ఎవరు రాశారో అందరికీ తెలుసు. ఉగాది సభలో మేమే వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టించాం. ఆ అమ్మాయి గ్రూపులో ఏమీ అనలేదు. చదివినట్టు రెండు నీలం గీతలు మాత్రం పడ్డాయి.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు మాలో ఒకరికి ఫోన్ చేసింది. ఏడుపు లేదు, కోపమూ లేదు. ఒకటే ప్రశ్న అడిగింది.

"అంకుల్, ఆ 131 పాత నంబరా, కొత్త నంబరా? చూశారా?"

చెన్నైలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న విడమరచి చెప్పక్కర్లేదు. మన వీధుల్లో ప్రతి గేటు మీదా రెండు నంబర్లుంటాయి, పాతది ఒకటి, కొత్తది ఒకటి. పెళ్లి శుభలేఖ మీద కూడా పాత నంబరు 14, కొత్త నంబరు 31 అని రెండూ వేయిస్తాం. ఒకటే రాసి, అది ఏదో చెప్పకపోతే, ఉత్తరం వెళ్తుంది గానీ ఎవరింటికి వెళ్తుందో దేవుడికే తెలియాలి. పాత 31 ఒకరిల్లు, కొత్త 31 ఇంకొకరిల్లు. రెండూ ఆ వీధిలో నిజంగా ఉన్న ఇళ్లే. అందుకే అనుమానం రాదు. తలుపు తట్టిన చోట ఎవరో ఒకరు తీస్తారు.

మా ప్రోగ్రాము సంగతీ సరిగ్గా అంతే. మేము రాసేది టైప్‌స్క్రిప్ట్ భాషలో. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2012లో బయటపెట్టారు. ఈ గడిలో అక్షరాలు రావాలి, ఆ గడిలో అంకె రావాలి అని అందులో ముందే రాసుకోవచ్చు. కానీ మా సర్వర్‌లో నడిచేది టైప్‌స్క్రిప్ట్ కాదు, జావాస్క్రిప్ట్. కాబట్టి రాసినదాన్ని ఒక అనువాదకుడు జావాస్క్రిప్ట్‌లోకి మారుస్తాడు. మార్చేటప్పుడు మేము రాసుకున్న ఆ షరతులన్నీ చెరిపేస్తాడు, ఎందుకంటే జావాస్క్రిప్ట్‌కు అవి అక్కర్లేదు. మధ్యలో మేము వదిలిన ఖాళీ లైన్లు కూడా ఉంచడు. దాంతో లైన్లన్నీ పైకి జరుగుతాయి. టైప్‌స్క్రిప్ట్‌లో దరఖాస్తు.టీఎస్ అని ఒక ఫైలుంటే, జావాస్క్రిప్ట్‌లో దరఖాస్తు.జేఎస్ అని ఇంకొకటి తయారవుతుంది. పేరు అదే, తోక మాత్రం వేరు. వీధి అదే, నంబర్లు మాత్రం వేరు.

మరి సర్వర్‌లో నడిచేది జేఎస్ అయితే, లోపం వచ్చినప్పుడు టీఎస్ లైను ఎలా తెలుస్తుంది? అందుకోసమే సోర్స్ మ్యాప్ అని ఒక పట్టీ ఉంది. అనువాదకుడే దాన్ని తయారుచేసి పక్కన పెడతాడు. జేఎస్‌లో ఈ చోటు, టీఎస్‌లో ఆ చోటు అని అందులో మొత్తం రాసి ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడేది దాని మూడో కూర్పు. అది 2011 నాటిది. ఇన్నేళ్లూ వాడుకలో నడిచి, 2024లో ఎక్మా సంస్థ చేతుల మీదుగా 426వ నంబరు ప్రమాణమైంది. ఆ పట్టీ తెరిచి చూస్తే మనుషులు చదివేలా ఉండదు. నాలుగేసి అక్షరాల మూటలు, వాటి మధ్య కామాలు, సెమికోలన్లు. ఒక్కో సెమికోలన్ దగ్గర జేఎస్‌లో ఒక లైను ముగుస్తుంది. మూటలో పూర్తి నంబరు ఉండదు. ముందు చెప్పిన చోటు నుంచి ఎంత జరగాలో మాత్రమే ఉంటుంది. "ముందటి ఇంటి నుంచి రెండు గడపలు దాటు" అన్నట్టు. స్థలం కలిసొస్తుందని అలా చేశారు.

నోడ్.జేఎస్ 2019లో వచ్చిన 12.12 వెర్షన్ నుంచి ఈ పట్టీని తనే చదవగలదు. మొదలుపెట్టేటప్పుడు ఎనేబుల్ సోర్స్ మ్యాప్స్ అనే మాట జోడిస్తే చాలు, స్టాక్ ట్రేస్‌లో జేఎస్ నంబర్ల బదులు టీఎస్ నంబర్లు చూపిస్తుంది. మేము ఏడాది నుంచీ ఆ మాట జోడించే నడుపుతున్నాం. ఏడాది నుంచీ టీఎస్ నంబర్లే చూస్తున్నాం. కాబట్టి ఆ రాత్రి కూడా అవే అనుకున్నాం. చిట్టాలో ఫైలు పేరు చివర టీఎస్ అని ఉందా, జేఎస్ అని ఉందా అని చూడలేదు. ఒక్క అక్షరం. అలవాటుపడ్డ కన్ను ఉన్నదాన్ని చూడదు, ఉండాల్సినదాన్ని చూస్తుంది.

ఫోన్ పెట్టేసి వెళ్లి చూశాం. జేఎస్ అనే ఉంది.

అంటే అది జేఎస్ 131. మేము తలుపు తట్టింది టీఎస్ 131. జేఎస్ 131 అంటే మా టైప్‌స్క్రిప్ట్‌లో ఎక్కడ అని లెక్క తీస్తే 168వ లైను వచ్చింది. మధ్యలో 37 లైన్ల తేడా. ఆ 168వ లైను రాసింది ఆ అమ్మాయి కాదు. జూన్ నెలలో మేమే రాశాం.

ఆ లైను సంగతి చెప్పేముందు, నంబర్లు ఎందుకు మారాయో చెప్పాలి. మేము ఏ మాటా తీసేయలేదు. సోర్స్ మ్యాప్ పట్టీ పక్కనే ఉంది. నోడ్‌కు చదవమనీ చెప్పాం. అయినా చదవలేదు. ఎందుకు?

ఆ ఆదివారం ఉదయం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కాఫీ కూడా తాగకుండా కూర్చుంది. మూడు లైన్ల చిన్న ప్రోగ్రాము రాసింది. దాని పని ఒకటే, కావాలని పడిపోవడం. దాన్ని నడిపితే టీఎస్ నంబరు వచ్చింది. సరే, పట్టీ పనిచేస్తోంది. తర్వాత మా వెబ్‌సైటు వాడే లైబ్రరీలను, అంటే ఇతరులు రాసి అందరికీ పంచిపెట్టిన సరుకులను, ఒక్కొక్కటే ఆ మూడు లైన్ల పైన జోడిస్తూ వచ్చింది. ఒకటి జోడించింది, టీఎస్. రెండు, టీఎస్. ఆరోది జోడించగానే జేఎస్ వచ్చింది. దాన్ని తీసేసింది, టీఎస్. మళ్లీ పెట్టింది, జేఎస్. మొత్తం ముప్పావు గంట పట్టింది.

ఆ ఆరోది లాగ్ రాయడానికి మేము జూన్‌లో తెచ్చుకున్న లైబ్రరీ. దాని పేరు ఇక్కడ రాయం. ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా ఇచ్చిన వస్తువు అది, వాళ్లను వీధికి ఈడ్చడం మా ఉద్దేశం కాదు. దరఖాస్తులు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాయో తెలియాలని కార్యవర్గం అడిగితే తెచ్చాం. దాని సొగసు ఏమిటంటే, లాగ్‌లో పడే ప్రతి మాట పక్కనా ఆ మాట ఏ ఫైలు నుంచి వచ్చిందో తనే రాస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ సొగసు కోసం అది చేసిన పని చూడండి.

నోడ్ లోపల జావాస్క్రిప్ట్‌ను నడిపేది వీ8 అనే యంత్రం, 2008లో క్రోమ్ బ్రౌజరుతో పాటు వచ్చింది. లోపం వచ్చినప్పుడు ఏ మెట్టు మీద ఎవరున్నారో ఆ యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఆ మెట్ల వివరాలను ఎలా అచ్చువేయాలో మనకు నచ్చినట్టు మార్చుకునేందుకు ఒక కుర్చీ వేసి పెట్టింది. దాని పేరు ఎర్రర్.ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ల చేతికి మెట్ల వివరాలన్నీ వస్తాయి, వాళ్లు ఏది రాసిస్తే అదే స్టాక్ ట్రేస్. చిక్కేమిటంటే, కుర్చీ ఒక్కటే. ప్రోగ్రాము మొత్తానికి, అందులో ఉన్న లైబ్రరీలన్నిటికీ కలిపి ఒక్కటే.

తపాలా కచేరీలో పాత నంబర్లు, కొత్త నంబర్ల పట్టీ దగ్గర పెట్టుకుని కూర్చున్న గుమాస్తాను ఊహించుకోండి. మన నోడ్ గుమాస్తా అతనే. ఈ లైబ్రరీ వచ్చి, "నాకు ఉత్తరం ఎవరు రాశారో తెలుసుకోవాలి, కొంచెం జరగండి" అని ఆ కుర్చీలో కూర్చుంది. తన పని చూసుకుని లేచి వెళ్లి ఉంటే గొడవ లేదు. చాలా లైబ్రరీలు అలాగే చేస్తాయి: ఒక్క క్షణం కూర్చుంటాయి, చూడాల్సింది చూస్తాయి, కుర్చీ ఎలా ఉన్నది అలా వదిలి లేస్తాయి. ఇది మాత్రం లేవలేదు. ఉదయం సర్వర్ మొదలైనప్పుడు కూర్చుంటే సర్వర్ ఆగేదాకా అక్కడే. పట్టీ మాత్రం దాని దగ్గర లేదు. వచ్చిన ప్రతి లోపానికీ జేఎస్ నంబర్లే చక్కగా, అచ్చం అదే తీరులో రాసిచ్చింది. ఒక్క అక్షరం తప్పు రాయలేదు. అబద్ధం చెప్పలేదు. తను చెప్పేది ఏ నంబరో మాత్రం చెప్పలేదు.

నోడ్ వాళ్ల సొంత పత్రాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటే సోర్స్ మ్యాప్ పనిచేయకపోవచ్చు, కాబట్టి కూర్చునేవాళ్లు ముందున్నవాళ్లను పిలిచి వాళ్లు ఇచ్చిన జవాబునే అందించండి, అని రాసి ఉంది. మేము చదవలేదు. ఆ అమ్మాయి చదివింది.

ఇప్పుడు ఆ 168వ లైను.

జూన్‌లో దరఖాస్తు ఫారంలో ఒక చిన్న గడి చేర్చాం. "సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేదు" అని. టిక్కు పెడితే ఇంటిపేరు గడి మూతపడుతుంది. ఎందుకు చేర్చామో మీకు తెలుసు. ఇక్కడి బడుల్లో చేరిన మన పిల్లలకు ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనిషియల్‌గా రాస్తారు. తాతకు ఇంటిపేరు ఉంటుంది, తండ్రికి ఇంట్లో మాత్రం ఉంటుంది, పిల్లలకు కాగితం మీద ఒక్క అక్షరం మిగులుతుంది. అది వాళ్ల తప్పు కాదు. ఆ పిల్లలకు ఫారం అడ్డు రాకూడదని ఆ గడి పెట్టాం. మంచి ఉద్దేశమే.

కానీ బ్రౌజరుకు ఒక పద్ధతి ఉంది. మూతపడిన గడిలోని మాటను అసలు పంపదు. ఖాళీగా పంపడం వేరు, పంపకపోవడం వేరు. ఖాళీ గడి అయితే ఖాళీ మాట వస్తుంది, దాన్ని ట్రిమ్ చేయొచ్చు. మూసిన గడి నుంచి మాటే రాదు, రాని మాటను ట్రిమ్ చేయమంటే ప్రోగ్రాము పడిపోతుంది. మేము 168వ లైనులో ఇంటిపేరు వచ్చి తీరుతుందని నమ్మి ట్రిమ్ రాశాం. ఇంటిపేరు ఎప్పుడూ అక్షరాలే అని టైప్‌స్క్రిప్ట్‌కు మాట కూడా ఇచ్చాం, అది మమ్మల్ని నమ్మింది.

అంటే ఎవరి కోసమైతే గడి చేర్చామో, సరిగ్గా వాళ్ల దరఖాస్తులే పడిపోయాయి. మిగతా అందరివీ వెళ్లాయి. మా ఇళ్లల్లో మేము నింపినప్పుడు బాగానే వెళ్లింది కదా? వెళ్తుంది. మా ముగ్గురి సర్టిఫికెట్లలోనూ ఇంటిపేర్లు నిండుగా ఉన్నాయి. మేము ఆ టిక్కు ఎప్పుడూ పెట్టి చూడలేదు. పెట్టాల్సిన అవసరం మా బతుకుల్లో ఎన్నడూ రాలేదు.

కోడ్ సరిచేస్తుంటే ఆ అమ్మాయి తెర మీంచి కళ్లు తీయకుండానే అంది: "నా సర్టిఫికెట్‌లోనూ ఇంటిపేరు లేదంకుల్. ఒక్క ఇనిషియలే. జూన్‌లో నన్ను ఒకసారి నింపి చూడమని ఉంటే అప్పుడే తెలిసేది."

దానికి మా దగ్గర జవాబు లేదు. ఏడాదిగా మా పక్కన కూర్చుని పనిచేస్తున్న పిల్ల. నిరుడు తన దరఖాస్తు కాగితం మా చేతుల మీదుగానే వెళ్లింది. పేర్లు పోల్చే పని ఇచ్చాం గానీ తన పేరు ఎలా ఉంటుందో మాకు గుర్తులేదు.

సరిదిద్దడానికి పట్టింది పది నిమిషాలు. మాట రాకపోతే ఖాళీ అనుకో అని ఒక చిన్న మార్పు. ఆ లాగ్ లైబ్రరీని తీసేశాం. దాని సొగసు లేకుండా మామూలుగా రాసుకుంటున్నాం, ఏ ఫైలు నుంచి అన్నది మేమే చేత్తో రాస్తున్నాం. పడిపోయిన ఐదుగురికీ, ఫోన్ చేయకుండా ఊరుకున్న మరో ఆరుగురికీ లాగ్‌లోని వేళలు చూసి, మొదట నింపిన పేజీలో ఇచ్చిన ఫోన్ నంబర్లు పట్టుకుని కబురు చేశాం. వాళ్ల కోసం గడువు వారం పెంచమని కార్యవర్గాన్ని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. పదకొండు మందివీ అందాయి. ఆ ఆరుగురి సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. ఫోన్ చేసినవాళ్లు ఐదుగురే. మిగతావాళ్లు "మనకు రాసిపెట్టి లేదు" అనుకుని ఊరుకున్నారు. మనం పెట్టిన తలుపు మొహం మీద మూసుకుంటే, తప్పు తలుపుది అనుకోలేదు.

ఇంకో పని కూడా చేశాం, ఇది ఆ అమ్మాయి సలహా. తను ఆ రోజు రాసిన మూడు లైన్ల ప్రోగ్రామును పారేయకుండా పరీక్షల్లో చేర్చింది. కోడ్‌లో ఏ మార్పు చేసినా ముందు అది కావాలని ఒకసారి పడిపోతుంది. చిట్టాలో టీఎస్ అని వస్తేనే ముందుకు వెళ్లనిస్తుంది, జేఎస్ అని వస్తే ఆపేస్తుంది. రేపు ఇంకో లైబ్రరీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే ఆ రోజే తెలుస్తుంది. మన పిల్లల్లో ఇలాంటి పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాం. సోర్స్ మ్యాప్ పెట్టామని నిశ్చింతగా ఉండకండి. అది ఇవాళ కూడా పనిచేస్తోందో లేదో ఒక పరీక్షతో అడుగుతూ ఉండండి.

తెలుగులో ఒక మాట ఉంది, ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అని. మేము చేసింది అదే. తప్పు మా లైనులో. నంబరు మార్చి చెప్పింది లైబ్రరీ. పడింది ఇరవై ఏళ్ల పిల్ల మీద. లైబ్రరీ మీదకు తోసేసి చేతులు దులుపుకోవచ్చు, కొందరు పెద్దలు అలాగే ఓదార్చారు కూడా. కానీ లైబ్రరీ నంబరు మాత్రమే చెప్పింది. ఆ నంబరు పట్టుకుని ఎవరి తలుపు తట్టాలో మేమే అనుకున్నాం. ఆ తలుపు వెనుక మా సొంత కోడ్ కనిపించి ఉంటే, రాత్రి పదకొండున్నరకు గ్రూపులో రాసేవాళ్లమా? తోక జేఎస్సా, టీఎస్సా అని ఇంకోసారి చూసేవాళ్లం. తెల్లారేదాకా ఆగేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్ల కోడ్ కాబట్టి ఆగలేదు. ఇది కంప్యూటరు చెప్పిన సంగతి కాదు, మా గురించి మాకు తెలిసిన సంగతి.

కాబట్టి, ఎక్కడ అన్నామో అక్కడే, ఈసారి పూర్తి మాటల్లో: జులైలో దరఖాస్తులు పడిపోవడానికి కారణం పేర్లు పోల్చే భాగం కాదు. ఆ భాగం మొదటి రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క తప్పు లేకుండా పనిచేస్తోంది. తప్పు ఇంటిపేరు గడిలో జరిగింది, అది మేము ముగ్గురం చేసింది. దొరకబట్టింది, సరిదిద్దింది మేము నిందించిన ఆ అమ్మాయి. ఆమెకూ, వాళ్ల అమ్మానాన్నలకూ మా క్షమాపణ. మొన్న ఆదివారం పెరంబూరులో వాళ్లింటికి వెళ్లి ముఖాముఖి చెప్పి వచ్చాం. వాళ్ల నాన్నగారు పెద్ద మనసుతో భోజనం పెట్టి పంపారు.

బయల్దేరేటప్పుడు ఆయన ఇంటిపేరు అడిగి రాసుకున్నాం. వచ్చే ఏడాది సభ్యుల పుస్తకంలో ఇనిషియల్ పక్కన ఇంటిపేరుకూ ఒక గడి పెడుతున్నాం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నింపి పంపండి. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీగా వదిలితే ఇక ఏదీ పడిపోదు.